లెక్క అడిగితే అవిధేయతా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లాలో ఒక చిన్న కతోలిక విచారణ (పారిష్). కొత్త గుడి కడతామని ఇంటింటా చందాలు వసూలు చేసి ఏళ్ళు గడిచాయి. కట్టడం పునాది దాటలేదు. రోడ్డు పక్కనున్న గుడి స్థలం అమ్మేశారని కూడా వింటున్నాం. లెక్క అడిగితే ‘అభిషిక్తుల జోలికి పోవద్దు’ అని పెద్దలు కోప్పడుతున్నారు. కుర్రాళ్ళేమో కానుకలు ఆపేద్దామంటున్నారు. రెండు మూడు కుటుంబాలు వేరే సంఘానికి వెళ్ళిపోయాయి. మేమేం చెయ్యాలి? (పేరు ప్రచురించవద్దు)

జవాబు: అడగండి. లెక్క అడగడం అవిధేయత కాదు, తిరుసభ తన చట్టంలో తానే రాసుకున్న పద్ధతి. 1983 నాటి తిరుసభ చట్టం 1287వ నియమం ప్రకారం విశ్వాసులిచ్చిన సొమ్ముకు విశ్వాసులకే లెక్క చెప్పాలి. ప్రతి విచారణలోనూ ఆర్థిక సంఘం ఉండి తీరాలని 537వ నియమం అంటుంది. ఏ పనికిచ్చిన కానుక ఆ పనికే వాడాలన్నది 1267వ నియమం. అంటే గుడికని ఇచ్చిన డబ్బుతో జీపు కొంటే, ఎవరూ పైసా తినకపోయినా తప్పే. స్థలం సంగతి ఇంకా గట్టిది. విలువ ఒక హద్దు దాటితే బిషప్ గారు కూడా ఒక్కరే సరే అనడానికి లేదు, మేత్రాసన (డయోసిస్) ఆర్థిక సంఘమూ సలహా గురువుల మండలీ ఒప్పుకోవాలి. మరీ పెద్ద మొత్తమైతే రోము అనుమతి కావాలి. భోగాపురం విమానాశ్రయం పనులు మొదలయ్యాక రోడ్డు పక్క భూమి ధర ఎక్కడికి పోయిందో మీకు తెలుసు కనుక ఈ నియమాల విలువ మీకు వేరే చెప్పక్కర్లేదు. తిరుసభ మేలుకు సంబంధించిన విషయం కాపరులకు తెలియజెయ్యడం విశ్వాసుల హక్కు, ఒక్కోసారి బాధ్యత కూడా అని 212వ నియమం అంటుంది. ఇవేవీ గుడిలో ఎవరూ చదివి వినిపించరు. అందుకే అడిగినవాడు తిరగబడ్డట్టు కనిపిస్తాడు.

అభిషిక్తుల మాట బైబిలులోదే, కాదనను. కానీ ఆ కథ పూర్తిగా చదవాలి. అభిషిక్తుడైన రాజు సౌలు చేతికి చిక్కినా దావీదు అతని మీద చెయ్యి చేసుకోలేదు. అలాగని నోరు మూసుకోనూ లేదు. గుహలోంచి బయటికొచ్చి, నాకు అన్యాయం చేస్తున్నావని రాజు వినేటట్టు చెప్పాడు. యెరూషలేము పేదల కోసం చందా పోగుచేసిన పౌలు, తన మీద నింద రాకూడదని సంఘాలు ఎన్నుకున్న మనిషిని వెంటబెట్టుకున్నాడు. అపొస్తలుడే అంత జాగ్రత్తపడితే, ఒక విచారణ గురువును రసీదు పుస్తకం చూపించమనడంలో అవమానం ఎక్కడుంది? నిజాయితీగా ఉన్న గురువును ఆ పుస్తకమే కాపాడుతుంది.

ఊళ్ళో మన పరువు పోతుందనే భయమూ అర్థం చేసుకోదగ్గదే. పది ఇళ్ళున్న పేటలో మన గొడవ పక్క వీధికి తెలియడం ఎవరికి ఇష్టం? కానీ స్థలం అమ్మారన్న మాట ఇప్పటికే మీ చెవిన పడిందంటే మిగతావాళ్ళ చెవినా పడే ఉంటుంది. అడిగే దారి మూసేస్తే మాట ఆగదు, పెడదారి పడుతుంది. 2016 ఏప్రిల్‌లో కడప బిషప్ గల్లెల ప్రసాద్ గారిని ఎత్తుకెళ్ళి కొట్టిన కేసులో పోలీసులు అరెస్టు చేసినవాళ్ళలో గురువులూ ఉన్నారు. 2018లో ఆయన మీద ఆరోపణలతో కొందరు విశ్వాసులు కోర్టుకెళ్ళారు. ఆ డిసెంబర్‌లో ఆయన రాజీనామాను పోప్ ఫ్రాన్సిస్ ఆమోదించారు. ఆ ఆరోపణల నిజానిజాలు తేల్చడం నా పని కాదు. ఒక మేత్రాసనంలో మనస్పర్థలు దెబ్బల దాకా, కోర్టుల దాకా వెళ్ళాక నలిగిపోయేది మామూలు కుటుంబాలేనన్నది మాత్రం చెప్పగలను. కేరళలోనూ అంతే: ఎర్నాకుళం మేత్రాసనం భూముల అమ్మకం మీద అక్కడి విశ్వాసులు, గురువులు 2017 నుంచి అడుగుతూనే వచ్చారు, అదీ కోర్టులకే చేరింది. ఆ అమ్మకం విషయంలో తన మీది కేసులు కొట్టెయ్యమని అప్పటి అక్కడి అధిపతి కార్డినల్ ఆలెంచేరి గారు వేసిన పిటిషన్‌ను 2023 మార్చిలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

మీకు అంతదూరం పోయే అవసరం రాకపోవచ్చు. విశాఖ నుంచి 1993లో విడిపడిన మీ శ్రీకాకుళం మేత్రాసనం చిన్నది, దరఖాస్తు బిషప్ గారి చేతికి చేరడం కష్టం కాదు. ముందు సర్వే నంబరు పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. స్థలం అమ్మలేదని తేలితే ఆ పుకారు అక్కడితో పోతుంది. తర్వాత పది పదిహేను మంది, ఆడవాళ్ళతో సహా, సంతకాలు చేసి ఫాదర్ గారికి ఉత్తరం ఇవ్వండి. ఎవరినీ దొంగ అనకండి. వసూలైందెంత, ఖర్చెంత, మిగిలిందెక్కడ అని మాత్రమే అడగండి. నెల రోజుల్లో జవాబు రాకపోతే అదే ఉత్తరం నకలు బిషప్ గారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. వాట్సాప్‌లో పెట్టకండి. రుజువు లేని నింద ఒక మనిషి పేరును పాడుచేస్తుంది, అదీ తిరుసభ చట్టం తప్పనే అంటుంది. పిల్లల మీద లైంగిక హింస అయితే మాత్రం ఈ వరసేదీ పనికిరాదు: నేరుగా పోలీసుల దగ్గరికే వెళ్ళాలి, 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు చెప్పి తీరాలి.

కుర్రాళ్ళ కోపం న్యాయమైనదే అయినా, కానుకలు పూర్తిగా ఆపితే ముందు దెబ్బ తగిలేది ఉపదేశి ఇంటికి, గుడి ఊడ్చే మనిషికి. కట్టడం చందా మాత్రం లెక్క వచ్చేదాకా ఆపండి, ఎందుకు ఆపారో ఆ ఉత్తరంలోనే రాయండి. వెళ్ళిపోయిన కుటుంబాలను కూడా సంతకానికి పిలవండి. గుడికి వాళ్ళూ డబ్బిచ్చారు, లెక్క వాళ్ళకూ రావాలి.