పొగలేని పొయ్యి

తెలుగువారి యిండ్లలో పొయ్యికి గొప్ప గౌరవము కలదు. తెల్లవారగనే పొయ్యిలోని బూడిద ఎత్తివేసి, ఎఱ్ఱమన్నుతోను పేడనీటితోను అలికి, ముగ్గు పెట్టి, ఆ తరువాతనే నిప్పు రగుల్చుట పల్లెలలో తరతరములుగా వచ్చిన ఆచారము. ఈ ఆచారమునకు భక్తి ఒక్కటియే కారణము కాదు. ప్రతిదినము అలికెడి చేతికి పొయ్యిలోని ప్రతి పగులును, ప్రతి గుంటయు తగులును. నేటి పగులు నేడే పూడును. మట్టితో కట్టిన పొయ్యి ఏండ్ల తరబడి నిలుచుటకు ఈ నిత్యసంరక్షణమే మూలము.

అయితే ఆ పొయ్యికి ఒక పెద్ద లోపము కలదు. అదియే పొగ. కట్టెలు, పిడకలు, కందికంప మొదలైనవి పొయ్యిలో పూర్తిగా కాలవు. కాలక మిగిలిన భాగము పొగయై గదిలో నిండును. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువును, కంటికి కనిపింపని సన్నని నుసియు ఉండును. ఆ నుసి ఊపిరితిత్తుల లోతులకు చేరి శ్వాసకోశవ్యాధులను, హృద్రోగములను కలిగించును. పసిబిడ్డలకు న్యుమోనియా తెచ్చిపెట్టును. వంటింటి పొగ వంటి గృహవాయుకాలుష్యము వలన 2020వ సంవత్సరములో ప్రపంచమున సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. వారిలో రెండు లక్షలకు పైగా అయిదేండ్లు నిండని పిల్లలే.

ఈ బాధను తొలగింపవలెనని మన దేశములో చాలకాలము క్రిందటనే కొందరు పూనుకొనిరి. 1947 ప్రాంతమున వార్ధాలో ‘మగన్ చూల్హా’ అను పేరుతో పొగగొట్టము గల మట్టిపొయ్యి రూపొందినది. హైదరాబాదులోని ఇంజనీరింగు పరిశోధనశాలలో డాక్టరు ఎస్. పి. రాజు ఇదే పనికి పూనుకొని, పేదలు కూడ తక్కువ ఖర్చుతో కట్టుకొనదగిన పొగలేని పొయ్యిని తయారుచేసెను. దానిని గూర్చి ఆయన 1953లో ఆంగ్లమున ఒక పుస్తకము ప్రకటించెను. కోట్లాది ప్రజలకు పొగలేని వంటిళ్లు కలుగవలెనన్నదే దాని సారాంశము. హైదరాబాదులో పుట్టిన ఆ పొయ్యి దేశవిదేశములలో పేరు పొందినది.

ఇట్టి పొయ్యి పనిచేయు తీరు మిక్కిలి సులభము. వేడెక్కిన గాలి తేలికయై పైకి పోవును. అది గొట్టము గుండ పోవుచుండగా, దాని స్థానమును నింపుటకు చల్లని గాలి పొయ్యి నోటి నుండి లోనికి వచ్చును. ఆ గాలి మంటను పెంచును. పొగను గొట్టములోనికి నెట్టును. మంట ఒక పాత్ర క్రింద నుండి మరియొక పాత్ర క్రిందికి సాగిపోవుటచే, ఒకే నిప్పుతో ఒక వైపు అన్నమును, మరియొక వైపు పప్పును ఉడుకును. కట్టెయు ఆదా అగును.

భారత ప్రభుత్వము 1983లో ఇట్టి మెరుగైన పొయ్యిలను వ్యాపింపజేయు జాతీయ కార్యక్రమమును ఆరంభించినది. 2002లో అది ముగియునాటికి దేశమున మూడు కోట్లకు పైగా పొయ్యిలు నెలకొల్పబడినవి. ఇంత జరిగినను వంటింటి పొగ పోలేదు. ఎందువలన?

ఈ ప్రశ్నకు ఒడిషా గ్రామములలో జరిగిన ఒక పరిశోధన సమాధానము చెప్పినది. రేమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు పొగగొట్టముల పొయ్యిలు పొందిన కుటుంబములను నాలుగు సంవత్సరముల పాటు పరిశీలించి, 2012లో తమ ఫలితములను వెల్లడించిరి. మొదటి సంవత్సరములో స్త్రీలు పీల్చు పొగ తగ్గినది. పిమ్మట ఆ మేలు కనబడకుండ పోయినది. పొయ్యిలను సరిగా వాడకపోవుటయు, చెడిన భాగములను బాగుచేయించుకొనకపోవుటయు ఇందులకు కారణములని వారు గ్రహించిరి. పొయ్యి కట్టించుట ఒక్కనాటి పని; దానిని కాపాడుట ప్రతినాటి పని. ఆ రెండవ పని జరుగనిచో మొదటిది వ్యర్థమగును.

ఒక చిన్న లెక్కతో ఈ విషయము స్పష్టమగును. ఒక పొగగొట్టపు వ్యాసము 4 అంగుళములు అనుకొందము. లోపల చుట్టును అర అంగుళము మందమున మసి పేరుకొన్నచో, మిగిలిన దారి వ్యాసము 3 అంగుళములు. వైశాల్యము వ్యాసముయొక్క వర్గమును అనుసరించి మారును గనుక, 16 పాళ్లుగా ఉన్న దారి 9 పాళ్లకు తగ్గిపోవును. అనగా దారిలో దాదాపు సగము మూసికొనిపోయినట్లే. పోవలసిన పొగ అపుడు వంటింటిలోనికే మరలి వచ్చును.

కావున పొగగొట్టమును తఱచుగా శుభ్రపరుపవలెను. ఆ పని పొయ్యి పూర్తిగా చల్లారిన తరువాతనే చేయవలెను. ముక్కునకు, నోటికి గుడ్డ కట్టుకొని, పొడవైన కఱ్ఱకు గట్టి కుంచెనో గోనెపట్టనో బిగించి గొట్టములో పైకిని క్రిందికిని ఆడించినచో మసి రాలిపడును. దానిని అడుగున ఉన్న రంధ్రము ద్వారా తీసివేయవలెను. పచ్చి కట్టెలు ఎక్కువ మసి పుట్టించును; కనుక ఎండిన కట్టెలనే వాడుట మేలు. ఇంటి కప్పు ఎక్కి చేయవలసిన పనులను మాత్రము పిల్లలు చేయరాదు.

గొట్టము తరువాత చూడవలసినది పొయ్యి ఒడలు. పగుళ్ల గుండ లోనికి వచ్చు గాలి మంటకు అందదు. గొట్టము లాగుబలమును మాత్రము తగ్గించును. బంకమన్నులో తరిగిన గడ్డియో ఊకయో కలిపి మెత్తగా తొక్కి, ఆ మన్నుతో పగుళ్లను పూడ్చవలెను. పాత్రలు పెట్టు గుంతల అంచులు అరిగినచో వాటినిగూడ సరిచేయవలెను. మామూలు పొయ్యికి గడ్డలు ఉండును. వాటిపై నిలిచిన పాత్ర చుట్టును మంట బయటికి వచ్చును. పొగలేని పొయ్యిలో పాత్ర గుంతకు సరిగా అమరవలెను. సందు ఉన్నచో పొగ ఆ సందు నుండియే వచ్చును. వాడని గుంతపై మూత పెట్టవలెను. అడుగున ఇనుప కమ్ములున్నచో, నిప్పుసెగకు అవి కాలక్రమమున వంగి సన్నగిల్లును. బూడిద క్రిందికి రాలనపుడు, కట్టె సరిగా మండనపుడు కమ్ములను మార్చవలసిన సమయము వచ్చినదని తెలిసికొనవలెను.

గొట్టము పగిలినచో మార్చక తప్పదు. పూర్వము చాల పొయ్యిలకు ఆస్‌బెస్టాస్ కలిసిన సిమెంటు గొట్టములు అమర్చిరి. ఆ దుమ్మును పీల్చినచో క్యాన్సరు కలుగవచ్చునని రుజువైనది. అట్టి గొట్టమును కోయరాదు, పగులగొట్టరాదు. దానిని తెలిసినవారిచేత జాగ్రత్తగా తీయించి, రేకుగొట్టమునో కాల్చిన మట్టిగొట్టమునో పెట్టించుకొనుట మంచిది.

1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపం పథకమును, 2016లో కేంద్రప్రభుత్వము ఉజ్జ్వల పథకమును ఆరంభించుటతో వంటగ్యాసు పేదల యిండ్లకును చేరినది. గ్యాసుపొయ్యికి మసిగొట్టము లేదు గాని, సంరక్షణము అక్కరలేదని కాదు. బర్నరు రంధ్రములు పూడినచో నీలిమంట పసుపుపచ్చగా మారి గిన్నెల అడుగులు నల్లబడును. అపుడు బర్నరును కడిగి ఆరబెట్టవలెను. గ్యాసు వచ్చు రబ్బరుగొట్టమును 5 సంవత్సరములకు ఒకసారి తప్పక మార్చవలెను; పగులు కనబడినచో వెంటనే మార్చవలెను. గ్యాసు కారుచున్నదేమో యని అనుమానము కలిగినపుడు అతుకులపై సబ్బునురుగు రాసి బుడగలు వచ్చునేమో చూడవలెనే గాని, అగ్గిపుల్ల గీసి చూడరాదు.

పొయ్యి ఏదైనను ధర్మము ఒక్కటే. దానిని కట్టినవాడు కట్టి వెళ్లిపోవును. అమ్మినవాడు అమ్మి వెళ్లిపోవును. మిగిలినది ఇంటివారి బాధ్యత. అయితే ఇంటివారనగా తల్లి ఒక్కతెయే కాదు. ఆమె వండిన అన్నమును అందఱును తినుచున్నారు గనుక, మసి దులుపుట, మన్ను తొక్కుట, అరిగిన గొట్టము మార్పించుట అందఱి పనియు కావలెను. నెలకొక గంట ఈ పనికి వినియోగించు ఇంటిలో తల్లి కంట నీరు పెట్టక వండును. ఆమె ఒడిలోని బిడ్డ హాయిగా ఊపిరి తీసికొనును.