ఒకే తీగ – రెండు ప్రయాణాలు

సూర్యాపేట నుండి కోదాడకు, మిర్యాలగూడకు పోయే దారులలో హెచ్చు వోల్టేజి తీగలు పొలాలను దాటుతూ కనిపిస్తాయి. ఇటువంటి తీగలు విద్యుత్తునే కాక, సబ్‌స్టేషన్ల మధ్య సంకేతాలను కూడా మోయగలవు. విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్జ్. సంకేతాలది సుమారు 40,000 నుండి 5,00,000 హెర్ట్జ్ వరకు. 'పునః పునః' నుండి పుట్టిన మాట 'పౌనఃపున్యం'.

సంకేతం సబ్‌స్టేషన్ యంత్రాలలోకి జారి వ్యర్థం కారాదు. అందుకై తీగ లోనికి వచ్చే చోట పీపా వంటి తీగచుట్టను అమరుస్తారు. అదే వేవ్ ట్రాప్. పౌనఃపున్యం పెరిగిన కొద్దీ చుట్ట అవరోధం పెరుగుతుంది. 1 మిల్లీహెన్రీ చుట్ట అవరోధం 50 హెర్ట్జ్ వద్ద 0.314 ఓమ్ మాత్రమే. 1,00,000 హెర్ట్జ్ వద్ద 628 ఓమ్‌లు! సంకేతాన్ని తీగపైకి ఎక్కించే కెపాసిటర్ తీరు ఇందుకు విరుద్ధం. అది సంకేతాన్ని పోనిచ్చి విద్యుత్తును అడ్డుకుంటుంది. సంస్కృతంలో 'అవరోధం' అంటే అంతఃపురమనే అర్థమూ ఉంది. అక్కడా కొందరికే ప్రవేశం.

తీగ తెగినప్పుడు ఒక కొసన లోపాన్ని గుర్తిస్తే, ఆ కబురు తక్షణమే రెండవ కొసకు చేరి అక్కడి బ్రేకర్ తెరుచుకోవాలి. కబురు దారిలో కరిగిపోతే తెగిన తీగలో విద్యుత్తు మరికొంతసేపు నిలుస్తుంది. ఆ కింద పొలంలో రైతు ఉండవచ్చు. నేడు ఈ పనిని చాలాచోట్ల టవర్ల శిఖరాన సాగే తీగలో ఇమిడిన ఆప్టికల్ ఫైబర్ నిర్వహిస్తున్నది.