పసిబిడ్డకు షుగర్ సెన్సర్ పెట్టించవచ్చా?

ప్రశ్న: మాది గార్లదిన్నె. మా మనవడు పుట్టి 12 రోజులైంది. షుగర్ మాటిమాటికీ పడిపోతోందని ఆసుపత్రిలో మడమ గుచ్చి పరీక్షిస్తున్నారు. పెద్దలు చేతికి అతికించుకునే సెన్సర్ వాడికి పెట్టించవచ్చా?

జవాబు: ఆ చిన్ని మడమను పదేపదే గుచ్చుతుంటే ఇంట్లోవాళ్ల ప్రాణం విలవిల్లాడుతుందమ్మా. అయినా సెన్సర్ కొని సొంతంగా అతికించకండి. మార్కెట్లో దొరికేవాటిలో చాలావరకు రెండేళ్లు నిండిన పిల్లలకే ఆమోదం పొందాయి. పైగా అది కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింది ద్రవాన్ని. అందుకే అంకె కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. షుగర్ బాగా తగ్గినప్పుడే తప్పు చూపే అవకాశమూ ఎక్కువ.

కేంబ్రిడ్జ్ వైద్యుల నాయకత్వంలో యూరప్‌లో జరిగిన పరిశోధన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. నెలలు నిండకుండా, బాగా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల్లో సెన్సర్ వల్ల షుగర్ అదుపు మెరుగైంది. అయితే అదంతా ఐసీయూలో, వైద్యుల కళ్లెదుటే.

తల్లికి మధుమేహం ఉన్నా, బిడ్డ బరువు తక్కువైనా మొదటి రోజుల్లో షుగర్ పడిపోవడం మామూలే. అది సాధారణంగా కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. 12 రోజులకూ తగ్గలేదంటే ఇన్సులిన్ అతిగా ఊరుతోందేమో చూడాలి. షుగర్ పడిన క్షణంలోనే రక్తం తీసి ఇన్సులిన్ పరీక్ష చేయించమని డాక్టరును అడగండి. కారణం తేలకుండా ఇంటికి తీసుకెళ్లవద్దు.

ఇంటికెళ్లాక రాత్రీపగలూ డాక్టరు చెప్పిన వేళకు పాలు పట్టాలి. తేనె, చక్కెర నీళ్లు వద్దే వద్దు.

బిడ్డ పాలు తాగకపోయినా, వణికినా, ఒళ్లు చల్లబడి మెత్తబడినా, నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేసి అనంతపురం ప్రభుత్వ సర్వజనాసుపత్రికి తీసుకెళ్లండి.