కొండదారిని మోటారు ప్రయాణము

మన తోటపల్లి గూడూరు సముద్రతీరమునందలి సమతలగ్రామము. ఇచ్చట కారు నేర్చినవారు కొండదారి నెఱుగరు. వేసవి సెలవులలో ఉదకమండలమునకు పోవువారు నెల్లూరు, చెన్నపట్టణము, సేలముల మీదుగా మేట్టుపాళెము చేరి, అచ్చటినుండి సుమారు 1,900 మీటర్ల యెత్తు ఎక్కవలెను. 2024 మే నెలలో నీలగిరి జిల్లాకు వచ్చు బయటి వాహనములకు అనుమతిపత్రము విధింపబడినది. బయలుదేరుటకు పూర్వమే దానిని విచారింపవలెను.

ఎక్కుటకంటె దిగుటయే ప్రమాదకరము. ఏలయన, బ్రేకు బండియొక్క గమనశక్తిని ఉష్ణముగా మార్చును. ఎడతెగక త్రొక్కినచో బ్రేకులు కాగి పట్టు విడుచును. బ్రేకునూనె మరిగి ఆవిరియైనచో, ఎంత త్రొక్కినను బండి నిలువదు. 1899లో కూనూరువరకు నడచిన కొండరైలునకు, నిటారైన భాగమున జాఱకుండ, పండ్లుగల నడిమిపట్టా నమర్చిరి. మన కారునకు అట్టి పట్టా లేదు. తక్కువ గేరే దానికి పట్టు.

కావున ఏ గేరుతో ఎక్కితిమో ఆ గేరుతోనే దిగవలెను. అప్పుడు ఇంజనే బండి వేగము నడచును. బ్రేకును అప్పుడప్పుడు త్రొక్కి విడువవలెను. ఇంజను నాపి దిగుట పెట్రోలు పొదుపు కాదు, ప్రాణములతో జూదము. ఎక్కివచ్చు బండికి దారి యీయవలెను. దారిలో నిలిచి బ్రేకులు చల్లార్చుకొనుట కాలహరణము గాదు. అందఱము క్షేమముగా ఇల్లు చేరినప్పుడే విహారము సఫలమని మనము గ్రహింపవలెను.