దీవులవారికి నడివయసు చదువు

నీటినడుమ నున్న నేలకు మన భాషలో పేర్లు పెక్కు కలవు. గోదావరీ తీరమువారు లంక యందురు. కృష్ణ సముద్రమున కలియుచోట దివిసీమ యున్నది. కన్నడమున నడుగడ్డె యందురు. కృష్ణా తుంగభద్రల నడుమ నున్న గద్వాల ప్రాంతమునకు నడిగడ్డ యనియే పేరు. రాయచూరు తాలూకాలో కృష్ణానది మధ్య నున్న కురువకుల, కురువకుర్ద, నారదగడ్డ, శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రమగు కురువపురము మన విద్యార్థులకు గడ్డలే. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన పొరుగు రాష్ట్రమున లంక యను మాటయే వాడుక. ఇచ్చటి పిల్లలకు లంక యనగానే రావణాసురుడు జ్ఞప్తికి వచ్చును! కావున ఈ వ్యాసమున నదిలోని వానిని గడ్డలనియు, సముద్రములోని వానిని దీవులనియు వ్రాయుచున్నాము.

సముద్రములోని చిన్న దీవులే దేశములైనవి కొన్ని యున్నవి. మాల్దీవులు, సెషెల్స్, మారిషస్, ఫిజీ, టువాలు అట్టివి. 1992లో రియో నగరమున జరిగిన మహాసభలో ఐక్యరాజ్యసమితి దేశములు వీనిని ప్రత్యేక వర్గముగా గుర్తించినవి. వీనిలో మారిషస్ మనకు పరాయి నేల కాదు. పందొమ్మిదవ శతాబ్దమున కోరంగి రేవునుండి చెరకు తోటల పనికి ఓడలెక్కి పోయిన తెలుగువారి సంతతి అచ్చట నేటికిని కలదు. వారికి కొరింగీలని పేరు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినది ఆ దీవియందే.

భూమి వేడెక్కుటచే సముద్రము ఉబ్బుచున్నది. మంచు కరగి అందులో చేరుచున్నది. 1901 మొదలు 2018 వరకు సముద్రమట్టము సగటున సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినదని శాస్త్రజ్ఞుల లెక్క. జానెడు నీరే కదా యని మనకు తోచవచ్చును. మాల్దీవులలో చాల భాగము ఒక మీటరు ఎత్తును మించదు. అట్టి దీవులలో ఇసుకక్రింద వాననీరు ఉప్పునీటిపై తేలుచు పలుచని పొరగా నిలుచును, త్రాగునీటికి అదియు ఒక ఆధారము. సముద్రము కొంచెము పెరిగినను, అలలు ఒకమారు దీవిపై పొరలినను, ఆ పొర చెడును. ఊరు మునుగుటకు చాల ముందే బావి ఉప్పనగును.

ఇట్టి మార్పునకు తగినట్లు ఇండ్లు, బావులు, పంటలు, రేవులు సవరించుకొనుటను అనుకూలన మందురు. దానిని చేయవలసినవా రెవరు? నీటి సరఫరా ఇంజనీరు, నర్సు, మత్స్యశాఖ ఉద్యోగి, బడిపంతులు. వీరు పదునైదేండ్లుగా పనిలో నుండి సంసారములు మోయుచున్నవారు. ఉద్యోగము మాని మరల కళాశాలకు పోలేరు. ఇట్టివారి కొరకే ఏర్పడినది వృత్తి ఫెలోషిప్పు. విద్యార్థివేతనము చదువు ముగియనివారికి. ఫెలోషిప్పు పనిలో నలిగినవారికి. కొన్ని వారములో, కొన్ని నెలలో వేరొక చోట నేర్చుకొని, తిరిగి తన పనికే పోవలెను. అమెరికాలో 1978లో హ్యూబర్ట్ హంఫ్రీ పేర నెలకొల్పిన ఫెలోషిప్పు పది నెలలది. దానివలన పట్టా యేదియు రాదు. పట్టా లేని చదువేమి చదువని మన తల్లిదండ్రులు కొందరు అడుగవచ్చును. అచ్చటికి వచ్చువారికి పట్టా అదివరకే యున్నది. కొరతపడినది పని విషయమై నిదానముగా ఆలోచించుటకు తీరిక.

మన దేశమును ఇట్టి చదువు చెప్పుచున్నది. భారత సాంకేతిక, ఆర్థిక సహకార కార్యక్రమము, క్లుప్తముగా ఐటెక్, 1964 సెప్టెంబరు 15న ఆరంభమైనది. ఇరువదియైదు మొదలు నలుబదియైదేండ్ల వయసు, అయిదేండ్ల అనుభవము గల విదేశీ ఉద్యోగులకు విమానపు ఖర్చు, బస, భోజనము మన ప్రభుత్వమే భరించి శిక్షణ నిచ్చును. రాయచూరికి దూరము కాని హైదరాబాదులోనే 1999లో సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రము వెలసినది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ పిదప, 2007లో అందు సునామీ హెచ్చరిక కేంద్రమును తెరచిరి. యునెస్కో గుర్తింపు గల సముద్రశాస్త్ర శిక్షణ కేంద్రమును దానితో కలిసియే యున్నది. హిందూ మహాసముద్రపు దేశములవారికి, చిన్న దీవులవారికి శిక్షణ నిచ్చుట దాని ఉద్దేశములలో నొకటి. సముద్రపు టొడ్డు లేని నగరమున సముద్రవిద్య!

ఆ సంస్థ మత్స్యకారులకు పంపు సూచనలు తెలుగు మొదలగు ప్రాంతీయ భాషలలో వెలువడును. ఈ పనిలో కష్టమైన భాగ మిదియే యని మా అభిప్రాయము. యంత్రము అంకెను చెప్పును; మనిషికి కావలసినది అంకె కాదు. మన గడ్డల సంగతియే చూడుడు. 2019 ఆగస్టులో నారాయణపుర ఆనకట్టనుండి అయిదు లక్షల క్యూసెక్కులకు మించి నీరు వదలిరి. క్యూసెక్కనగా సెకనునకు ఒక ఘనపుటడుగు, అనగా సుమారు 28.3 లీటర్లు. అయిదు లక్షల క్యూసెక్కులనగా సెకనునకు ఒక కోటి నలుబదియొక లక్షల లీటర్లు. రెండువందల లీటర్ల పీపాలతో కొలిచినచో, కన్ను మూసి తెరచునంతలో డెబ్బదివేల పీపాలు! లెక్క తప్పులేదు. కాని గడ్డమీది తల్లికి కావలసినది వేరు: నీరు గుడి యే మెట్టు వరకు వచ్చును, గొడ్లను ఎప్పుడు తోలవలెను, పుట్టి ఎంతసేపు నడచును, నిండు చూలాలిని ఈ సాయంత్రమే ఒడ్డు చేర్చవలెనా?

ఈ ప్రశ్నలకు సగము సమాధానము పుట్టి నడుపువారికి తెలియును, సగము ఇంజనీర్లకు తెలియును. రెండును ఒకచోట కూర్చవలసినది అచ్చటనే పనిచేయు పంచాయతీ ఉద్యోగి, ఆశా కార్యకర్త, కరెంటు లైనుమాను, ఉపాధ్యాయుడు. వారికి కన్నడమున వచ్చు ఉత్తరువును తెలుగున చెప్పవలసిన పనియు తప్పదు. ఐటెక్ విదేశీయులకు, చిన్న దీవుల ఫెలోషిప్పులు సముద్రపు దీవులకు. నది నడుమ గడ్డలలో పనిచేయువారికి ఈ రెంటిలోను చోటు లేదు. మైసూరులో పంచాయతీ ఉద్యోగులకు శిక్షణ నిచ్చు అబ్దుల్ నజీర్ సాబ్ సంస్థ యున్నది. మన రాయచూరులోనే వ్యవసాయ విశ్వవిద్యాలయ మున్నది. మూడు నెలల ఫెలోషిప్పునకు ఇంతకంటె తగిన తావు లెక్కడ? కుర్రవానిని పట్నమునకు పంపి చదివించిన అతడు తరచుగా అచ్చటనే నిలుచును. నలువదేండ్ల లైనుమాను ఇల్లును పొలమును ఇచ్చటనే యున్నవి. రాబోవు వరదనాడు అతడు గడ్డమీద నుండును.

ఈ పత్రికను చదువు తల్లిదండ్రులలో గడ్డలవారున్నచో, 2009, 2019 సంవత్సరముల వరదలలో నీరు మీ యింటి గోడపై, గుడి మెట్లపై ఎంతవరకు వచ్చినదో, ఏ దినమున పుట్టి ఆగినదో, తిరిగి ఎన్నడు నడచినదో పిల్లలచే వ్రాయించి పాఠశాలకు పంపవలెను. తెలుగున వ్రాసినను, కన్నడమున వ్రాసినను సరియే. నీటిమట్టమును మూరలలో చెప్పినచో, ఎనిమిదవ తరగతివారు మీటర్లలోనికి మార్చెదరు.