ఏలీ ఎరిగియుండెను
(పెద్దలకును, సండే స్కూలు ఉపాధ్యాయులకును అధ్యయన పాఠము)

చదువవలసిన భాగములు: 1 సమూయేలు 2:12–36, 3:11–18, 2 సమూయేలు 13:1–22, మత్తయి 18:1–14



ఈ పాఠమును చిన్నపిల్లల తరగతిలో చదువవద్దు. పెద్దల తరగతిలోను, స్త్రీల సమాజములోను, డీకన్ల కూటములోను చదువుకొనవలెనని మా మనవి. విషయము సిగ్గుపడదగినదే. అయితే పెద్దలు సిగ్గుపడి నోరు మూసికొనుటవలననే ఇది ఇంత దూరము వచ్చినది గనుక వ్రాయుచున్నాము.

రోమను కతోలిక గురువులలో కొందరు పిల్లలను చెరచిన సంగతి 2002 మొదలుకొని లోకమంతటికి తెలిసెను. ఆ వార్తలు వచ్చినప్పుడెల్ల మన సంఘములలో రెండు మాటలు వినబడును. గురువులకు పెండ్లి లేకుండ చేసినందున ఇట్లయినదని కొందరందురు. స్వలింగ సంపర్కులను గురువులుగా చేర్చుకొన్నందున ఇట్లయినదని మరికొందరందురు. ఈ రెండు మాటలలోను మనకొక ఆదరణ దాగియున్నది. మన పాస్టరుగార్లు పెండ్లియైనవారు, మనము స్వలింగ సంపర్కమును ఒప్పుకొనువారము కాము, కనుక ఆ తెగులు మన గుడారమును సమీపింపదని అనుకొందుము. ఈ ఆదరణకు ఆధారమున్నదా అనునదే నేటి పాఠము.

బోస్టనులో జరిగినది

అమెరికాలోని బోస్టను ప్రాంతమందు జాన్ గేగన్ అను గురువు ముప్పది సంవత్సరములలో అరడజను సంఘములలో పనిచేసెను. అతడు తమను చెరచెనని చెప్పినవారు 130 మందికి పైగా ఉన్నారు. దాదాపు అందరును ప్రాథమిక పాఠశాల వయస్సుగల మగపిల్లలు. బీదయిండ్లను, పిల్లలు ఎక్కువై తల్లి ఒంటరిగా పాటుపడు ఇండ్లను అతడు ఏరుకొనెను. సహాయము చేయ వచ్చితిననును, పిల్లలకు ఐస్‌క్రీము కొనిపెట్టును, రాత్రి ప్రార్థన చెప్పించి తానే పండుకొనబెట్టెదననును. ఫాదరుగారు ఇంటికి వచ్చుటయే దీవెన అని ఆ తల్లులు తలంచిరి.

పైవారికి తెలియదా? తెలిసెను. 1982లో ఒక విశ్వాసురాలు తమ బంధువర్గములోని ఏడుగురు మగపిల్లల సంగతి అప్పటి కార్డినలుకు ఉత్తరములో వ్రాసెను. 1984లో క్రొత్తగా వచ్చిన ఆర్చిబిషప్పు బెర్నార్డ్ లా ఆ గురువును వెస్టను అను ఊరి సంఘమునకు మార్చెను. ఇది తగదని ఆయన సహాయ బిషప్పు జాన్ డార్సీ అదే సంవత్సరము వ్రాసి హెచ్చరించెను. అయినను గేగన్ అక్కడనే కొనసాగెను. 1989లో చికిత్సకు పంపి, తిరిగి అదే సంఘమునకు తెచ్చిరి. అతనిని గురుత్వమునుండి తొలగించినది 1998లో. 2002 జనవరిలో బోస్టన్ గ్లోబ్ పత్రిక ఈ కాగితములన్నిటిని బయటపెట్టిన తరువాత, ఆ సంవత్సరము డిసెంబరులో కార్డినల్ లా రాజీనామా చేసెను. 2004లో ఆయనకు రోములోనే ఒక గొప్ప దేవాలయపు అధిపత్యము దొరికెను.

ఈ వృత్తాంతములో గేగన్ ఒక్కడు. ఎరిగియుండి ఊరు మార్చినవారు, ఫైలు కట్టి బీరువాలో పెట్టినవారు, బాగుపడెనని సర్టిఫికెట్టు ఇచ్చినవారు అనేకులు.

మగపిల్లలే ఎక్కువ ఎందుకు?

ఇక్కడ ఒక కష్టమైన లెక్కను దాచక చెప్పవలెను. అమెరికా బిషప్పుల కోరికపై న్యూయార్కులోని జాన్ జే కాలేజీవారు 2004లో ఒక నివేదిక ఇచ్చిరి. 1950 మొదలు 2002 వరకు 4,392 మంది గురువులపై ఫిర్యాదులు వచ్చెను. ఇది ఆ కాలమందు పనిచేసిన గురువులలో నూటికి సుమారు 4. ఫిర్యాదు చేసినవారు 10,667 మంది. అందులో నూటికి 81 మంది మగవారు. ఈ 81 ని చూపించి, చూచితిరా, ఇది స్వలింగ సంపర్కుల పనియే అని అనేకులు తీర్పు చెప్పిరి. రోములో కూడ ఆ తలంపు బలముగా నుండెను. 2005 నవంబరులో వచ్చిన ఆజ్ఞప్రకారము, స్వలింగాసక్తి లోతుగా నాటుకొనిన యువకులను సెమినరీలో చేర్చుకొనరాదు.

అయితే అదే కాలేజీవారు 2011లో కారణములను వెదకి రెండవ నివేదిక ఇచ్చిరి. స్వలింగాసక్తిగల గురువులు ఇతర గురువులకంటె ఎక్కువగా పిల్లలను చెరచిరనుటకు ఆధారము దొరకలేదని అందులో తేల్చిరి. అట్టి ఆసక్తి గలవారు సెమినరీలలో ఎక్కువైరని చెప్పు కాలములోనే ఈ నేరములు పెరుగుటకు బదులు తగ్గినవని కూడ చూపిరి. మరి మగపిల్లలు ఎందుకు? వారే చేతికి అందినవారు గనుక. బలిపీఠమునొద్ద సేవ చేయువారు మగపిల్లలు, గురువుతో ప్రయాణమునకు పంపబడువారు మగపిల్లలు. ఆ సేవకు ఆడపిల్లలను తీసికొనవచ్చునని రోము స్పష్టముగా చెప్పినది 1994లోనే. ఆడపిల్లను ఒక మగవానితో ఒంటరిగా పంపుటకు తల్లి జంకును, మగపిల్లవానిని పంపుటకు జంకదు. తోడేలు గొఱ్ఱె రంగు చూడదు, తలుపు తెరచియున్నదా అని చూచును.

వాషింగ్టను కార్డినలుగా నుండిన థియొడోర్ మెకారిక్ సంగతి వేరని కొందరందురు. ఆయనపై పిల్లల విషయములోను, వయస్సు వచ్చిన సెమినరీ విద్యార్థుల విషయములోను నేరము రుజువై, 2019 ఫిబ్రవరిలో గురుత్వమునుండి తొలగించిరి. ఆ విద్యార్థులు ఎందుకు కాదనలేకపోయిరి? వారికి అభిషేకము ఇచ్చు చెయ్యి ఆయనదే గనుక. ఆ స్థానములో యువతులుండినను కథ ఇంతే. మన దేశములో ఉత్తర కేరళయందు ఒక గురువు పదునారేండ్ల బాలికను చెరచెనని తలశ్శేరి కోర్టు 2019లో తీర్పు చెప్పెను. అక్కడ స్వలింగ సంపర్కము ఎక్కడిది?

మన పేరు గలవారి యింట

ఇప్పుడు పెండ్లి సంగతి. అమెరికాలోని సదరన్ బాప్టిస్టులు మనకు సువార్త తెచ్చిన మిషనువారు కారు. నెల్లూరు లోన్ స్టార్ మిషను ఉత్తరదేశపు బాప్టిస్టులది. అయినను ముంచుడు బాప్తిస్మము, సంఘ స్వతంత్రత, పెండ్లియైన పాస్టర్లు, స్వలింగ సంపర్కమును గట్టిగా ఖండించు బోధ, ఇవన్నియు వారికిని మనకును ఒక్కటే. 2019 ఫిబ్రవరిలో టెక్సాసు రాష్ట్రపు రెండు పత్రికలు వారి లెక్క తీసెను. ఇరువది ఏండ్లలో సుమారు 380 మంది పాస్టర్లు, సండే స్కూలు టీచర్లు, యౌవనస్థుల నాయకులు మొదలగువారిపై ఆరోపణలు ఉండెను. బాధితులు 700 మందికి పైగా.

అట్టివారి పేర్లతో ఒక పట్టిక ఉంచవలెనని బాధితులు ఏండ్ల తరబడి అడిగిరి. మన సంఘములు స్వతంత్రములు, పైనుండి పట్టిక ఉంచుట మన పద్ధతి కాదని 2008లో జవాబు వచ్చెను. 2022లో బయటి సంస్థచేత విచారణ జరిపించినప్పుడు, కార్యాలయములో 700 పేర్లకు పైగా గల పట్టిక రహస్యముగా ఉంచబడియే ఉన్నదని తేలెను. కతోలికులు బిషప్పు అధికారముచేత కప్పిరి, బాప్టిస్టులు సంఘ స్వతంత్రతచేత కప్పిరి. మన పితరులు శ్రమపడి సంపాదించిన స్వతంత్రత ఇట్టి పనికి వాడబడుట మాకు మిక్కిలి దుఃఖకరముగా నున్నది.

షిలోహులోను, దావీదు ఇంటను

ఏలీ కుమారుల పాపము మాంసమునొద్ద ఆరంభమాయెను. అర్పణలోనుండి తమకిష్టమైన ముక్క బలవంతముగా తీసికొనిరి. అడ్డుపెట్టువాడు లేకపోగా, గుడారపు ద్వారమునొద్ద సేవచేయు స్త్రీల వరకు వచ్చిరి. ఏలీ వినెను, గద్దించెను కూడ. ఈ సంగతి మనము తరచుగా మరచిపోవుదుము. గద్దించినవానినే దేవుడు ఎందుకు తప్పుపట్టెను? మూడవ అధ్యాయములో కారణమున్నది. ఎరిగియుండియు అడ్డగింపలేదు. మాట చెప్పెను గాని యాజక వస్త్రము తీయలేదు. మరునాడు హొఫ్నీ, ఫీనెహాసులు అదే బలిపీఠమునొద్ద నిలిచిరి, అదే స్త్రీలు అదే ద్వారమున పనికి వచ్చిరి.

తామారు సంగతి ఇంకను హృదయమును కోయును. ఆమెను అమ్నోను ఇంటికి పంపినది తండ్రియైన దావీదే, రోగికి రొట్టెలు చేసిపెట్టుమని. నమ్మకమే ఉరి ఆయెను. తరువాత ఆమె దాచలేదు. తలమీద బూడిద పోసికొని, అంగీ చింపుకొని, కేకలు వేయుచు వీధిని బడి పోయెను. ఆమెను ఊరకుండుమన్నది సొంత అన్న. వాడు నీ సహోదరుడు గదా అను మాట ఆమె నోటికి తాళము వేసెను. దావీదు విని మిక్కిలి కోపపడెను. కోపపడి ఏమి చేసెను? ఏమియు చేయలేదు. రెండేండ్ల తరువాత ఆ ఇంట హత్య జరిగెను.

స్వలింగాసక్తి గూర్చి

వివాహము ఒక పురుషునికిని ఒక స్త్రీకిని దేవుడు నియమించినదని మన సంఘములు బోధించును. రోమా పత్రిక మొదటి అధ్యాయమును మేము దాటవేయుట లేదు. అయితే తొమ్మిదవ ఆజ్ఞ కూడ ఆజ్ఞయే. ఒకనియందు అట్టి ఆసక్తి యున్నదని, వాడు పిల్లలను ముట్టువాడని చెప్పుట అబద్ధసాక్ష్యము. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు వయస్సు వచ్చినవారి మధ్య ఇష్టపూర్వకమైన సంబంధము నేరము కాదని తీర్పు చెప్పినప్పుడు, ఇక పిల్లలకు రక్షణ లేదని కొన్ని ప్రసంగములలో వింటిమి. ఆ తీర్పు పిల్లల విషయమును ముట్టనేలేదు. పిల్లలకు 2012 నాటి పోక్సో చట్టము అట్లే ఉన్నది, మగపిల్లలకును ఆడపిల్లలకును సమానముగా.

ఈ అబద్ధసాక్ష్యమువలన కలుగు నష్టము ఎవరికో కాదు, మన పిల్లలకే. పండ్రెండేండ్ల మగపిల్లవానిని ఒక పెద్దమనిషి పాడుచేసెననుకొందము. వాడు ప్రతి ఆదివారము పులుపిటమీదనుండి ఆ జాతివారిని గూర్చిన వెక్కిరింపు వినుచున్నాడు. పెద్దలు నవ్వుట చూచుచున్నాడు. ఇక వాడు నోరు తెరచునా? నన్నును అట్టివాడనే అందురని భయపడును. బడిపంతుళ్లకు ఈ లక్షణములు తెలియును. చురుకైనవాడు హఠాత్తుగా మూగవాడగును, ఒక మనిషి పేరు చెప్పగానే కడుపునొప్పి అనును, బైబిలు తరగతికి రానని ఏడ్చును. ఇంటివారు మొండితనమని కొట్టుదురు. వాడు మొదట విడిపింపబడవలసినది ఆ వెక్కిరింపునుండి. అట్లే, ఎవరికిని హాని చేయక, తనలోని ఆసక్తిని ఎవరితో చెప్పుకొనవలెనో తెలియక కుమిలిపోవు యౌవనస్థుడు మన కూటములలో ఉండవచ్చును. వానిని నేరస్థులతో జతకట్టినయెడల ఏ పెద్దయొద్దకు వచ్చును?

మన ఊళ్లలో

కోలారులోనైనను, బరంపురములోనైనను, షోలాపూరులోనైనను మనము కొద్దిమందిమి. చుట్టును కన్నడమో ఒడియాయో మరాఠీయో మాటలాడువారుండగా, మన మాట, మన పాట గలవాడు ఆంధ్రనుండి వచ్చి బోధించినప్పుడు అతనిని సొంత బిడ్డవలె చూచుకొందుము. ఇది మంచిదే. అయితే అతడు ముందు పనిచేసిన ఊరిలో ఎందుకు మానెనని అడుగుట అమర్యాద అనుకొందుము. ఏదైన సంగతి బయటపడినయెడల, పరభాషవారి యెదుట తెలుగువారి పరువు పోవునని రాత్రికి రాత్రి రైలు ఎక్కించి, చేతిలో మంచి సిఫారసు ఉత్తరము పెట్టుదుము. ఆ ఉత్తరమునకును బోస్టను బదిలీ ఆర్డరుకును భేదమేమి?

చట్టము చెప్పునది ఇది. పదునెనిమిది ఏండ్లలోపు బిడ్డపై ఇట్టి నేరము జరిగెనని తెలిసిన ఎవరైనను పోలీసులకు తెలుపవలెను. తెలుపనివానికి ఆరు నెలల వరకు జైలు కలదు. సంస్థకు అధిపతియైయుండి తన క్రింది పనివాని నేరమును తెలుపనివానికి ఒక సంవత్సరము వరకు. సంఘ విచారణ ముగిసిన తరువాత చూతమనుటకు వీలులేదు. బిడ్డ పేరు ఎవరును బయటపెట్టరాదు, ప్రార్థన విన్నపములలో కూడ. పోలీస్ స్టేషనులో భాష రానివారికి 1098 నంబరుకు ఫోను చేయవచ్చును. ఆరోపణలన్నియు నిజము కావు అందురు. సరియే, అది తేల్చుటకే పోలీసులును కోర్టులును ఉన్నవి. తేలువరకు ఆ మనిషిని పిల్లల పనినుండి దూరముగా ఉంచుట అతనికి శిక్ష కాదు.

వి.బి.ఎస్. దినములలోను, యౌవనస్థుల రిట్రీటులలోను ఒక్క పెద్ద ఒక్క బిడ్డతో మూసిన గదిలో ఉండరాదని సంఘ మినిట్సులో వ్రాసికొనుడి. పాస్టరుగారికిని, పెద్దలమైన మాకును మినహాయింపు వద్దు.

తరగతిలో చర్చించుటకు: ఏలీ తన కుమారులతో మాటలాడిన దినమున ఇంకేమి చేయవలసియుండెను? తామారు కేకలు వేయుచు మన వీధిని పోయినయెడల, మన సంఘములో ఆమె ఏ ఇంటి తలుపు తట్టును? తామారు బదులు ఆమె తమ్ముడైనయెడల?