అంగీ కావాలి, పుస్తకాలూ కావాలి

చదవవలసిన వాక్యభాగం: 2 తిమోతి 4:9-21



అపొస్తలుడైన పౌలు చెరసాలలో ఉన్నాడు. చలికాలం దగ్గర పడుతోంది. తన మరణం కూడా దగ్గరలోనే ఉందని ఆయనకు తెలుసు. అప్పుడు తిమోతికి రాసిన పత్రికలో ఆయన ఏమేమి తెమ్మన్నాడో గమనించారా? త్రోయలో విడిచివచ్చిన అంగీ తెమ్మన్నాడు. పుస్తకాలూ తెమ్మన్నాడు. అంగీ శరీరానికి, పుస్తకాలు ఆత్మకు. ఒకటి ఉంటే రెండవది అక్కర్లేదని ఆయన అనుకోలేదు.

అదే అధ్యాయంలో మరి రెండు సంగతులున్నాయి. ఆ సమయంలో పౌలు వెంట ఉన్నవాడు లూకా. అతడు వైద్యుడు (కొలస్సీ 4:14). తోటి పనివాడైన త్రోఫిము జబ్బుపడితే అతనిని మిలేతులో ఉంచి రావలసి వచ్చింది. విశ్వాసం తక్కువైనందువల్లే జబ్బుపడ్డాడని పౌలు ఒక్క మాట కూడా రాయలేదు.

ఆస్పత్రిలో రోజులు మెల్లగా గడుస్తాయి. రోగికీ, పక్కనే కూర్చున్న ఇంటివారికీ దిగులు కలుగుతుంది. ఆ సమయంలో బైబిలుతో పాటు, కష్టాన్ని స్వయంగా ఎరిగినవారు రాసిన పుస్తకం ఒకటి చేతిలో ఉంటే మేలు. అలాంటివి నాలుగు ఇక్కడ చెబుతున్నాము.

1. ఎడారిలో సెలయేర్లు: జపానులో మిషనరీగా పనిచేసిన చార్లెస్ కౌమన్ గుండె జబ్బుతో చాలాకాలం బాధపడి 1924లో మరణించాడు. ఆయనకు సేవచేసిన భార్య లెట్టీ కౌమన్, ఆ రోజులలో తనను ఆదరించిన మాటలను కూర్చి 1925లో ఈ పుస్తకాన్ని వెలువరించింది. రోజుకు ఒక్క భాగం చదివితే చాలు. నీరసంగా ఉన్నవారికి ఇది అనుకూలం.

2. యాత్రికుని ప్రయాణము: అనుమతి లేకుండా బోధించినందుకు జాన్ బన్యన్ ఇంగ్లండులో సుమారు 12 ఏళ్లు చెరలో ఉన్నాడు. 1678లో ఈ పుస్తకం అచ్చయింది. నిరాశ అనే రాక్షసుడు యాత్రికుని కోటలో బంధిస్తాడు. తలుపు తెరిచే తాళపుచెవి యాత్రికుని దగ్గరే ఉంటుంది. దాని పేరు వాగ్దానం. కథ గనుక ఇంట్లో ఒకరు చదివితే అందరూ వినవచ్చు.

3. ద ప్రాక్టీస్ ఆఫ్ ద ప్రెజెన్స్ ఆఫ్ గాడ్: బ్రదర్ లారెన్స్ యుద్ధంలో గాయపడిన సైనికుడు. తరువాత పారిస్‌లోని ఒక మఠంలో వంటపని చేశాడు. 1691లో ఆయన చనిపోయిన తరువాత ఆయన ఉత్తరాలనూ సంభాషణలనూ పుస్తకంగా కూర్చారు. గిన్నెలు కడుగుతూ కూడా దేవునితో మాట్లాడవచ్చని ఆయన అనుభవం. రోగికి సేవచేస్తూ ప్రార్థనకు తీరిక లేదని బాధపడేవారు దీనిని తప్పక చదవాలి.

4. ది గిఫ్ట్ ఆఫ్ పెయిన్: డాక్టర్ పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడులోని కొల్లి కొండలలో పుట్టి, 1946లో వెల్లూరు ఆస్పత్రికి వచ్చాడు. కుష్ఠు రోగుల చేతులు, కాళ్లు పాడవడానికి ముఖ్య కారణం స్పర్శ పోవడమేనని ఆయన చూపాడు. నొప్పి తెలియకపోతే గాయమూ తెలియదు. ఫిలిప్ యాన్సీతో కలిసి రాసిన ఈ పుస్తకం, నొప్పిని దేవుడిచ్చిన కాపలాదారుగా చూడటం నేర్పుతుంది. షుగరు ఉన్నవారు కూడా ఇది గుర్తుంచుకోవాలి. వారికీ పాదాలలో స్పర్శ తగ్గవచ్చు. అందుకే ప్రతిరోజూ పాదాలు పరీక్షించుకోవాలి.

ఎలా చదవాలి?

ఒకేసారి ఎక్కువ చదవవద్దు. అరపేజీ చదివి, ఆ మాట గురించి ఆలోచించి, ప్రార్థించండి. కళ్లు అలసిపోతే ఆపండి. చదువు రానివారికి పిల్లలచేత చదివించండి.

ఒక హెచ్చరిక

క్రైస్తవ పుస్తకమని అట్టమీద ఉన్నంత మాత్రాన అన్నీ మేలుచేయవు. "నిజమైన విశ్వాసం ఉంటే మాత్రలు మానేయండి" అని ఏ పుస్తకమైనా చెబితే దానిని మూసివేయండి. టీబీ మందులు మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు, ఆ మందులకు లొంగకుండా పోవచ్చు. ఇన్సులిన్ అవసరమైనవారు మానేస్తే ప్రాణానికే ముప్పు. "నీ పాపమే నీ జబ్బు" అని రోగిని గుచ్చే పుస్తకాన్నీ పక్కన పెట్టండి. యోహాను 9వ అధ్యాయంలో పుట్టు గుడ్డివాని విషయంలో యేసు ప్రభువు అలాంటి ఆలోచనను త్రోసిపుచ్చాడు.

అలాగే దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోయినా, నిద్ర, ఆకలి చెడినా డాక్టరుకు చెప్పండి. చనిపోవాలనే ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా చెప్పండి. అది అవిశ్వాసం కాదు. లూకాను పక్కన ఉంచుకున్న పౌలు మనకు మాదిరి.

ఆలోచించండి

1. నేను చదువుతున్న పుస్తకం నన్ను బైబిలు దగ్గరకు తీసుకువస్తోందా?
2. చదివిన తరువాత ఇంటివారితో మరింత ప్రేమగా మాట్లాడుతున్నానా?
3. ఈ రోజు వేసుకోవలసిన మందులు వేసుకున్నానా?

ఈసారి రోగిని చూడటానికి వెళ్లేటప్పుడు పండ్లతో పాటు ఒక మంచి పుస్తకం కూడా పట్టుకెళ్లండి. పది నిమిషాలు కూర్చుని చదివి వినిపించండి. ప్రభువు మీ శరీరాన్నీ ఆత్మనూ కాపాడును గాక.